తావు మరగిన మంద

కుందేలు పీటరు కథ నెరిగిన పిల్లలు ప్రపంచమంతట కలరు. నీలిరంగు కోటు తొడిగికొని, మెక్‌గ్రెగరు దొర తోటలో దూరి, ప్రాణములు అరచేత పెట్టుకొని బయటపడిన ఆ కుందేలు 1902లో అచ్చయినది మొదలు నేటివరకు బడి పిల్లల చేతులనుండి జారిపోలేదు. ఆ కథ వ్రాసి, బొమ్మలును తానే గీసిన బియాట్రిక్స్ పాటర్ పేరు ఆంగ్లము బోధించు ఉపాధ్యాయులకు కొత్తది కాదు. అయితే ఆమె జీవితములో రెండవ సగమంతయు గొర్రెల దొడ్లలోను, రాతిగోడల వెంటను గడచినదనియు, చుట్టుపట్ల రైతులకు ఆమె రచయిత్రిగా కాక హీలిస్ దొరసానిగా, గొర్రెల బేరములో మోసపోని మనిషిగా పరిచితురాలనియు ఎరిగినవారు తక్కువ. పాతబడి చీకిపోయిన గొర్రెల కమతమును ఒక మనిషి చక్కదిద్దుట ఎట్టి పనియో తెలిసికొనగోరువారు ఆమె పుస్తకములను మూసి ఆమె పొలములవైపు చూడవలెను.

ఆ పొలములున్నది ఇంగ్లండునకు వాయవ్యమూల, సరస్సుల సీమ యని పేరొందిన కొండ ప్రాంతమున. ఆ దేశములో అంత వాన కురియు తావులు అరుదు. అచటి గొర్రెల కమతము మూడంచెలుగా ఉండును. లోయలో ఇంటిచుట్టు నుండు చదునైన గడ్డిచేలు మొదటి అంచె; ఎండుగడ్డి కోసి దాచుటకును, వసంతమున గొర్రెలు ఈనుటకును అవి ఆధారము. కొండవాలున రాతిగోడల నడుమ నున్న బీళ్లు రెండవది. గోడలు ముగిసినచోట మొదలై మబ్బులలోనికి పోవు బయలుకొండ మూడవది. అక్కడ కంచె యుండదు, పలువురి మందలు ఒకే కొండపై మేయుచుండును. ఏప్రిల్‌లో ఈత, జూలైలో ఉన్ని కత్తిరింపు, చలి ముదురకముందే మందునీటి తొట్టిలో ముంచుట, నవంబరులో పొట్టేళ్లను మందలో కలుపుట — ఇది వారి సంవత్సరము. ఈ మూడంచెలలో ఒకటి చెడినచో తక్కిన రెండును కుంటుపడును. లోయలో గడ్డి లేనినాడు కొండ గొర్రెకు చలికాలము గడవదు. కొండ లేనినాడు లోయ ఆ మందను భరింపలేదు.

1866లో లండనులో సంపన్నుల ఇంట పుట్టిన పాటర్, 1905లో నియర్ సారీ యను చిన్న పల్లెలో హిల్ టాప్ అను కమతమును కొనెను. అప్పటికామెకు 39 ఏండ్లు. ఆ వేసవిలోనే, తన ప్రచురణకర్తల కుటుంబమునకు చెందిన నార్మన్ వార్న్‌తో ఆమెకు వివాహము నిశ్చయమై, నెల తిరుగకుండ అతడు మరణించెను. పుస్తకములవలన వచ్చిన సొమ్మును ఆమె ఆ పాత ఇంటిమీదను, దాని చుట్టునున్న 34 ఎకరముల మీదను పెట్టెను. పట్నపు కన్య యొకతె ధరకు మించి సొమ్ము పోసి మట్టి కొన్నదని ఊరివారు నవ్వుకొనిరి. నవ్వుదురని ఆమెకును తెలియును. టేపు చేతబట్టి తన గుట్టనంతయు తానే కొలుచుకొనుచు తిరిగెను.

మొదటి యుద్ధము గొర్రెలతో కాదు, ఎలుకలతో జరిగినది. హిల్ టాప్ పదునేడవ శతాబ్దపు ఇల్లు. మందమైన గోడలు, అటకలు, పొగగూళ్లు, బల్లకట్టు వెనుక బోలు సందులు — ఎలుకలకు అంతకంటె అనువైన కోట లేదు. పట్టపగలు వంటయింటి బల్లక్రింద ఒక ఎలుక తీరికగా కూర్చుండి భోజనము చేయుచుండగా కాపురమున్న కానన్ గారి ఇల్లాలు కన్నులార చూచెనట! పిల్లులను తెచ్చిపెట్టిరి, అది చాలలేదు. అప్పుడు తలుపుల అడుగున జింకు రేకులు కొట్టించి, గోడల మొదళ్లకు సిమెంటు పట్టించిరి. ఆ ఎలుకల దండయాత్రయే 1908లో శామ్యూల్ విస్కర్స్ కథయై వెలువడినది. ఆ పుస్తకములోని మెట్లును, పొయ్యియు, అటకయు ఆ ఇంటివే. బొమ్మలు చూచి నవ్వుకొను పిల్లలకు అది ఒక రైతు లెక్కలలోని వ్యయమని తెలియదు. గింజలను, గోడలను కొరుకు ఎలుకకు ముందు దారి మూయనిదే కమతములో మరి యే ఖర్చు పెట్టినను అది చిల్లుకుండలో పోసిన నీరే యగును.

ఇక్కడ ఆమె చేసిన యొక నిర్ణయము గమనింపదగినది. కమతమును అంతకుముందునుండి చూచుకొనుచున్న జాన్ కానన్‌ను ఆమె పంపివేయలేదు. అతని కుటుంబము కొరకు ఇంటికి ఒక కొత్త భాగము కట్టించి, పాత భాగమును తనకుంచుకొనెను. ఏ చేను వానకు ఊరునో, ఏ గోడ యేటేట కూలునో, ఏ ఆవు తన్నునో అతనికి తెలియును; ఆమెకు తెలియదు. తలిదండ్రుల వద్ద లండనులో ఉండవలసి వచ్చిన ఆమె వీలు చిక్కినప్పుడెల్ల వచ్చి, కొంత చెప్పి, ఎక్కువ నేర్చుకొని పోవుచుండెను. కొత్తగా భూమి కొన్నవారు పాత పాలేరును మొదటిరోజే మార్చుట తరచుగా చూచుచుందుము. కమతమునుగురించిన జ్ఞానములో సగము అతనితోనే గడప దాటుననుట వారికి తోచదు.

ఆ సీమలో పని యంతయు గోడలతోను, నీటితోను ఉన్నది. అచటి గోడలకు సున్నము లేదు, మట్టి లేదు. రాయిమీద రాయి పేర్చి, నడుమ చిన్నరాళ్లు నింపి కట్టుదురు. మంచు గడ్డకట్టి కరిగినపుడెల్ల ఎక్కడో ఒకచోట అవి కూలుచుండును. ఒక గండి పడినచో గొర్రె దానిని ఆ పూటకే కనిపెట్టును. ఒకటి దాటినచో తక్కినవి దాటకుండునా? గోడల అడుగున గొర్రె దూరునంత కంతలు కావలెననియే విడిచి, అవసరము లేనపుడు రాతితో మూయుదురు. ఈ కంతలను తెరచుచు, మూయుచు, ఏ చేనిలో ఎన్ని దినములు మేపవలెనో, ఏ చేనికి విశ్రాంతి నీయవలెనో కాపరి నడపును. అట్లు గోడలు నిలిచినగాని ఆ లెక్క సాగదు. గోడలు పడిన కమతములో మంద యంతయు ఏడాది పొడుగున ఒకే నేలను తొక్కును. ఆ నేల చెడును, దానితో మంద చెడును. పాతబడిన గొర్రెల కమతమనగా చాలమట్టుకు ఇదే.

1909లో ఆమె ప్రక్కనే యున్న కాసిల్ క్షేత్రమును కొనెను. ఆ కొనుగోళ్ల వ్యవహారములు చూచిన న్యాయవాది విలియమ్ హీలిస్‌ను 1913లో, తన 47వ యేట, వివాహమాడి అక్కడనే స్థిరపడెను. క్రమముగా కథలు తగ్గినవి, గొర్రెలు పెరిగినవి.

అసలు పరీక్ష 1923లో వచ్చినది. ట్రౌట్‌బెక్ లోయ తలభాగమున ట్రౌట్‌బెక్ పార్క్ అను గొప్ప కొండ కమతము అమ్మకమునకు వచ్చెను. రమారమి రెండు వేల ఎకరములు. హిల్ టాప్ దాని ప్రక్కన పెరటి తోట వంటిది. కొండమీద ఇండ్లు కట్టి అమ్ముకొను వ్యాపారుల చేతిలో పడునేమో యను భయముతో ఆమె దానిని కొనెను. 1926 నాటికి దాని సేద్యమును స్వయముగా చేపట్టెను. చేతికి వచ్చిన మంద మాత్రము రోగిష్ఠిది. గొర్రెలు కార్జపు జలగతో క్రుళ్లిపోవుచుండెను.

ఈ జలగ కథ విద్యార్థులు తెలిసికొనదగినది. ఆకువలె చదునుగానుండు ఈ క్రిమి గొర్రె కార్జములోని పైత్యనాళములలో కాపురముండి దినమునకు వేలకొలది గుడ్లు పెట్టును. అవి పేడతో నేలబడి, తడిలో పొదిగి, కంటికి కనరాని పిల్లలై ఈదుచు పోయి బురదలోని చిన్న నత్తలో దూరును. ఒక్కటిగా దూరినది నత్త శరీరములో వందలుగా పెరిగి బయటికి వచ్చి, గడ్డిపరకలకు అంటుకొని, చుట్టును గూడు కట్టుకొని కాచుకొనియుండును. గొర్రె ఆ గడ్డిని మేసినచో పేగును చీల్చుకొని మరల కార్జము చేరును. గొర్రె రక్తము తరిగి కండ్లు పాలిపోవును, దవడ క్రింద నీరు దిగును, ఉన్ని ఊడును, చలికాలము రాగానే కూలును. 1879, 1880 సంవత్సరముల తడి కాలములో ఇంగ్లండులో ముప్పది లక్షల గొర్రెలు దీనివలన చచ్చినవని చెప్పుదురు. ఆ దెబ్బవలననే పరిశోధన వేగమైనది. 1883 నాటికి ఆక్స్‌ఫర్డులో థామస్, జర్మనీలో లాయ్‌కార్ట్, ఒకరితో నొకరికి సంబంధము లేకయే, నత్త రహస్యమును బయటపెట్టిరి.

మన చెరువుగట్లకును ఈ శత్రువు కొత్తది కాదు. తెలుగునాట గొర్రెలను, పశువులను పట్టునది ఆ జలగకు అన్నవంటి మరియొక జాతి. దానికి ఆశ్రయమిచ్చు నత్త వేరు. నడక మాత్రము అదే. చెరువు ఇంకునపుడు ఒడ్డున మిగిలిన పచ్చని గడ్డిలోనికి మందను దింపవద్దని వృద్ధులైన కాపరులు చెప్పు మాట నత్త సంగతి తెలిసి చెప్పినది కాకపోవచ్చును. అయినను ఆ మాట ప్రయోగశాల చెప్పినదానికి భిన్నము కాదు.

మంద రోగిష్ఠిదైనపుడు తెలివిగలవారు చెప్పు సలహా యొకటి కలదు: ఉన్నదంతయు అమ్మివేసి, ఆరోగ్యమైన మందను కొత్తగా కొనుము. మైదానములలో అది సరియైన సలహాయే. ఆ కొండలలో అది చెల్లదు. అచటి హెర్డ్‌విక్ జాతి గొర్రె పుట్టినపుడు నల్లగానుండి, వయసు ముదిరినకొలది బూడిదవన్నెకు తిరుగును. ఉన్ని ముతక; మాంసము కొంచెము; అయినను మంచులోను గాలిలోను ఆ కొండపై బ్రతుకగలుగుట దాని ప్రజ్ఞ. అంతకంటె గొప్ప ప్రజ్ఞ మరొకటి. కంచెలేని కొండపై అది తన తావును మరగియుండును. ఫలానా వాగు మొదలు ఫలానా బండవరకు తన మేత. గాలివాన వచ్చినచో ఫలానా గట్టు చాటు. అక్కడ నీరు, ఇక్కడ ఊబి — ఇదంతయు తల్లి వెంట తిరుగుచు పిల్ల మొదటి వేసవిలోనే నేర్చుకొనును. ఆ పిల్ల తల్లియై తన పిల్లకు నేర్పును. ఎన్ని తరములనుండియో తెగక వచ్చిన ఈ పాఠము వలననే వేరువేరు మందలు ఒకే కొండపై కలిసిపోక మేయును. కొత్త గొర్రెలను తెచ్చి విడిచినచో అవి తమ పాతకొండను వెదకుకొనుచు మైళ్లకొలది పోవును. లేదా పొరుగు మందలలో కలియును. అందువలననే ఆ సీమలో తరచుగా మంద భూమికి చెందినదై యుండును. కౌలుదారు మారినను మంద కదలదు. ఎన్ని గొర్రెలను అప్పగింపబడెనో అన్నింటిని, అట్టివానినే, పోవునాడు అప్పగించి పోవలెను. అట్టి మందను ఊడ్చివేయుటయనగా కొండను తెలిసిన జ్ఞాపకమునే ఊడ్చివేయుట.

కావున పాటర్ ఎదుట నిలిచిన ప్రశ్న చీపురుతో తీరునది కాదు. క్రుళ్లిన దానిని పారవేయవలెను, కాని పారవేసిన దానిలో మరల దొరకనిది యున్నది. రోగమును తీసివేసి మందను నిలుపుకొనుటెట్లు?

ఆమె పనివాండ్రను వెదకుటతో మొదలిడెను. 1926లో టామ్ స్టోరీ యను గొర్రెల కాపరిని కుదుర్చుకొనెను. అదే యేటినుండి జోసెఫ్ మాస్క్రాప్ అను కాపరి ప్రతి వసంతమున ఈతల కాలమునకు వచ్చి, గొర్రెలు ఈనుట ముగిసినదాక ట్రౌట్‌బెక్‌లో నుండి పోవుచుండెను. ఆమె మరణించువరకు అతని రాక మానలేదు. ఇక మందు సంగతి. సరిగా ఆ యేండ్లలోనే కార్బన్ టెట్రాక్లోరైడ్ అను ద్రవమును గొట్టపు గోళీలలో పోసి గొర్రెలచే మ్రింగించుట పశువైద్యములో వాడుకలోనికి వచ్చుచుండెను. కార్జములో పెరిగిన జలగలను అది చంపును. అది విషమే, మోతాదు తప్పినను, బలహీనమైన గొర్రెకిచ్చినను దాని కార్జమునే చెరచును, అందుచేతనే తరువాతి కాలమున మేలైన మందులు రాగా అది మూలబడినది. నాటి రైతులలో పెక్కుమంది కొత్తమందులను శంకించుచుండగా, ఆమె వాటి వివరములు తెలిసికొనుటకు ఉత్సుకత చూపెను. అందులో వింత లేదు. యౌవనమున ఆమె సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి కుక్కగొడుగుల బీజములు మొలకెత్తుటను పరిశీలించి వ్యాసము వ్రాసినది. 1897లో లండనులోని లిన్నేయన్ సంఘములో దానిని ఒక పురుషుడు చదువవలసి వచ్చెను. ఏలయన స్త్రీలకు నాడు ఆ సభలో ప్రవేశము లేదు. కంటికి కనరాని ప్రాణి కనబడు ప్రాణిని కూల్చుననుట నమ్ముటకు ఆమెకు ఎవరును ఉపన్యాసమీయ నక్కరలేదు.

అయితే మందు ఒక్కటియే మందను నిలుపలేదు. ఎంత మందు పోసినను మరునాడు ఆ గొర్రె అదే చిత్తడిలో మేసినచో ఫలమేమి? నత్తకు నీరు కావలెను. నీటిని తీసివేసినచో నత్త పోవును. పూడిన కాలువలను తోడుట, తడిచేలలో మురుగు పోవు దారులు వేయుట, ఆరని తావులనుండి మందను దూరముగా నుంచుట, బొత్తిగా కోలుకొనని వాటిని ఏరివేయుట, మంచి పొట్టేళ్లను తెచ్చి బలమైన పిల్లలను నిలుపుకొనుట — జలగ పట్టిన ఏ కమతమునకైనను చికిత్స ఇదే. ఇది ఒక ఋతువులో తెమలునది కాదు. ట్రౌట్‌బెక్ మంద కోలుకొనుటయే కాక, కొన్ని యేండ్లలో ఆ ప్రాంతపు హెర్డ్‌విక్ మందలలో పేరెన్నికగన్నది. పొలములో రోగము పోయినదని చాటుటకు పండుగ యుండదు. ఒకానొక శీతకాలమున చచ్చిన గొర్రెల లెక్క తక్కువగా తేలును, అంతే.

1927లో టామ్ స్టోరీని ఆమె హిల్ టాప్‌నకు రప్పించెను. ఆ 34 ఎకరముల పాత కమతము మేలుజాతి హెర్డ్‌విక్ పెంపకమునకు నెలవయ్యెను. 1930 ప్రాంతమునుండి ఆమె గొర్రెలు ప్రదర్శనలలో బహుమానములు గెలువసాగెను. బహుమతి పొందిన వాటర్ లిలీ యను గొర్రెతో ఆమెయు స్టోరీయు నిలిచి తీయించుకొనిన ఛాయాచిత్రము కలదు. తన గొర్రెల ఉన్నితోనే నేయించిన ముతక బట్టలు, చెక్క అడుగుల జోళ్లు, వాన పడినచో భుజములపై గోనె — ఇది ఆ నాటి ఆమె వేషము. దారిన పోవు దేశదిమ్మరి యొకడు ఆమెను తనవంటిదనుకొని, ఈ వానలో మనవంటివారికి ఎంత కష్టమోయని జాలిపడెనను కథ ఆ సీమలో నేటికిని చెప్పుకొందురు.

ఆమెను ఆదర్శముగా చూపువారు మరచునది యొకటి కలదు. ఈ గోడలను నిలిపినదియు, కాలువలను తోడినదియు ముఖ్యముగా కుందేలు సొమ్ము. గొర్రెలమీద వచ్చు ఆదాయమునే నమ్ముకొన్న పొరుగు రైతు, ఉన్ని ధర పడిపోయిన 1930 తరువాతి యేండ్లలో, పడిన గోడను చూచి నిట్టూర్చి ఊరకుండవలసినదే. ఆమె కౌలుదార్లపట్ల కఠినముగా నుండెననియు, చిల్లుగవ్వకు సైతము లెక్క అడిగెననియు చెప్పినవారు లేకపోలేదు. అయినను ఆ సొమ్ముతో ఆమె చేసినదేమో చూడవలెను. సంపన్నులు పల్లెలో భూమి కొని మేడలు కట్టుట సామాన్యము. ఆమె పాత పద్ధతిని నిలుపుటకై కొత్త మందును, కొత్త విద్యను తెచ్చినది. పాతదానిమీద ప్రేమ పేరిట రోగమును పోషింపలేదు, కొత్తదానిమీద మోజుతో మందను మార్చలేదు. ఈ రెంటి నడుమ నడచుట ఎంత కష్టమో పాతబడిన ఏ సంస్థను చక్కదిద్దబూనిన వారికైనను, బడిని చక్కదిద్దబూనిన ఉపాధ్యాయునికైనను, తెలియకపోదు.

1943లో హెర్డ్‌విక్ గొర్రెల పెంపకందార్ల సంఘము ఆమెను రాబోవు అధ్యక్షురాలిగా ఎన్నుకొనెను. ఆ పదవిని అంతకుముందు స్త్రీ యెవరును పొందలేదు. పదవి చేపట్టకమునుపే, ఆ యేటి డిసెంబరు 22న ఆమె మరణించెను. చితాభస్మమును టామ్ స్టోరీ హిల్ టాప్ పరిసరముల కొండపై చల్లెను. చోటు ఎవరికిని చెప్పలేదు. నాలుగు వేల ఎకరములకు పైబడిన భూమి, పదునైదు వరకు కమతములు, మందలతో సహా, నేషనల్ ట్రస్టునకు చెందునట్లు ఆమె ఏర్పాటు చేసియుండెను. కొండ కమతములమీది మందలు స్వచ్ఛమైన హెర్డ్‌విక్ జాతివిగానే యుండవలెననునది ఆమె కోరిక.

ఆ కోరికలోని భావము 2001లో మరల స్పష్టమైనది. ఆ యేడు బ్రిటనులో గాలికుంటు వ్యాధి చెలరేగి అరువది లక్షలకు పైగా పశువులను చంపివేసిరి. సరస్సుల సీమ దెబ్బతిన్న జిల్లాలలో ముఖ్యమైనది. హెర్డ్‌విక్ జాతిలో అత్యధిక భాగము ఆ ఒక్క సీమలోనే యుండుటచే జాతియే నశించునేమోయని భయపడి, పొట్టేళ్ల వీర్యమును పిండములను శీతలీకరించి దాచిరి. జాతి నిలిచినది. కాని కొన్ని కొండలపై తావు మరగిన మందలు పోయినవి. వాటితో ఆ పాఠము పోయినది. ఇతర కమతములనుండి గొర్రెలను తెచ్చి నింపినను వాటికి ఏ వాగు తమదో తెలియదు. ఎన్నడును కంచె యెరుగని కొండలమీద తాత్కాలికముగా కంచెలు నాటవలసి వచ్చెను. గీత దాటిన గొర్రెను కాపరులు కుక్కలతో వెనుకకు తోలిరి. మరునాడు మరల తోలిరి. అక్కడనే ఈని, అక్కడనే పెరిగిన పిల్లలు తల్లులగువరకు అట్లే తోలుచుండిరి.